టార్చ్ పాజిటివ్ అన్న ఒక్క కాగితం చూసి కడుపు తీయించకండి

ఈ మాట తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో గర్భిణి ఉన్న ప్రతి ఇంటికీ చేరాలని రాస్తున్నాను. టార్చ్ అంటే తల్లి నుంచి కడుపులో బిడ్డకు పాకగల కొన్ని ఇన్‌ఫెక్షన్ల కోసం కలిపి చేసే రక్తపరీక్షలు, వాటిలో టాక్సోప్లాస్మా ఒకటి. టాక్సోప్లాస్మా ఐజీఎమ్ (సోకగానే శరీరం మొదట తయారుచేసే యాంటీబాడీ) పాజిటివ్ అని ఒక రిపోర్టు వచ్చినంత మాత్రాన కడుపులో బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు. తల్లికి ఈమధ్యే సోకిందని కూడా చెప్పలేం. ఆ కాగితం చూపించి గర్భం తీసేద్దామని ఎవరైనా అంటే, నిర్ధారణ పరీక్ష ఏదని నిలదీసి అడగండి. నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఇలాంటి రిపోర్టులు మాలాంటి వాళ్ల చేతుల మీదుగానే బయటికి వెళ్తాయి. అందుకే నా కోపంలో సగం మా వృత్తి మీదే.

టాక్సోప్లాస్మా గోండీ ఒక ఏకకణ పరాన్నజీవి. 1908లో ట్యునీషియాలో ఒక ఎలుకజాతి జంతువులో దీన్ని మొదట గుర్తించారు. తల్లి నుంచి గర్భంలోని బిడ్డకు పాకుతుందని 1939లో న్యూయార్క్ వైద్యులు చూపించారు. పెద్దవాళ్లకు సోకితే కాస్త జ్వరం, మెడ దగ్గర గ్రంథుల వాపు వస్తాయి, చాలామందికి అవి కూడా ఉండవు. పెళ్లికి ముందో, చిన్నప్పుడో సోకి తగ్గిపోయిన ఆరోగ్యవంతురాలి నుంచి కడుపులో బిడ్డకు పాకడం చాలా అరుదు. ప్రమాదమంతా గర్భంతో ఉండగా మొదటిసారి సోకితేనే. కాబట్టి తేల్చవలసింది ఎప్పుడు సోకిందన్న సంగతి. సరిగ్గా ఆ ఒక్క సంగతినే మన రిపోర్టులు చెప్పడం లేదు.

మలేరియా అయితే రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూస్తే పరాన్నజీవి సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. పుట్టిన వారంలోపు బిడ్డ రక్తంలో కనిపిస్తే తల్లి నుంచి వచ్చిందని చెప్పవచ్చు. టాక్సోప్లాస్మా అలా రక్తపు పలక మీద దొరకదు. దానికి ప్రతిగా శరీరం తయారుచేసిన యాంటీబాడీలను కొలిచి మనం ఊహించాలి. ముందు ఐజీఎమ్ వస్తుంది, ఒకటి రెండు వారాల్లో ఐజీజీ అనే రెండో రకం వస్తుంది. ఐజీజీ జీవితాంతం ఉంటుంది. ఐజీఎమ్ కొన్నాళ్లకు పోతుందని పాఠ్యపుస్తకంలో చదువుకుంటాం గానీ, కొందరిలో అది నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. పైగా అసలు జబ్బే లేనివారిలో కూడా కిట్ పొరపాటున పాజిటివ్ చూపించవచ్చు. ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. ఐజీఎమ్ కిట్ల ఫలితాన్ని ఒక్కదాన్నే నమ్మి గర్భిణికి చికిత్స నిర్ణయించవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే వైద్యులను హెచ్చరించింది. అమెరికాలోనే పాలో ఆల్టోలో, ఇతర ల్యాబుల ఫలితాలను నిర్ధారించే రిఫరెన్స్ ల్యాబ్ నిపుణులు 2001లో ప్రచురించిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. బయటి ల్యాబుల్లో ఐజీఎమ్ పాజిటివ్ వచ్చిన గర్భిణులకు నిర్ధారణ పరీక్షలు చేసి, ఫలితాన్ని వైద్యులకు అర్థమయ్యేలా వివరిస్తే, అనవసరంగా గర్భం తీయించుకోవడం దాదాపు సగం తగ్గింది.

పాకాల వైపు పల్లె నుంచి ఒక జంట వచ్చారు. ఆ అమ్మాయికి మూడో నెల. అంతకుముందు రెండుసార్లు గర్భం నిలవలేదు. భర్త లడ్డూల సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఐజీఎమ్ విలువ పాజిటివ్ గీతను అలా తాకి ఆగింది. ఆ అంకె మాత్రం లావు అక్షరాల్లో ఉంది. కింద ఒక్క వాక్యం వ్యాఖ్య లేదు, మరో పరీక్షతో నిర్ధారించుకోవాలన్న సూచన లేదు. "మేడమ్, ఇది తీసేయాల్సిందేనా?" అని అడిగాడు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు. అత్తగారు మాత్రం, "వాళ్ల పుట్టింట్లో పిల్లిని పెంచారమ్మా, అప్పటి దోషమే ఇదంతా" అంది. అవిడిటీ పరీక్ష చేయిస్తే ఎక్కువగా వచ్చింది. అంటే పాత ఇన్‌ఫెక్షన్. ఈ గర్భానికీ దానికీ సంబంధం లేదు.

అవిడిటీ అంటే ఐజీజీ ఎంత గట్టిగా పట్టుకుందో చూడటం. నిన్న నాటిన మొక్కను లాగితే ఊడి వస్తుంది, ఏళ్లనాటి చింతచెట్టు కదలదు. యూరియా ద్రావణంతో కడిగినప్పుడు కొత్త యాంటీబాడీలు ఊడిపోతాయి, పాతవి అంటిపెట్టుకుని ఉంటాయి. మొదటి మూడు నాలుగు నెలల్లోనే తీసిన రక్తంలో అవిడిటీ ఎక్కువగా ఉంటే, ఇన్‌ఫెక్షన్ గర్భం రాకముందుదని ధైర్యంగా చెప్పవచ్చు. అదే పరీక్షను ఎనిమిదో నెలలో చేయిస్తే ఆ ధైర్యం ఉండదు. ఇంకో మెలిక కూడా ఉంది. అవిడిటీ తక్కువగా వచ్చిందంటే ఈమధ్యే సోకిందని తీర్మానించకూడదు, కొందరిలో అది చాలా నెలలపాటు తక్కువగానే ఉండిపోతుంది.

ఇక్కడ మా ల్యాబుల తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి తీసిన సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) నాలుగు చుక్కలు ఫ్రీజర్‌లో దాచిపెడితే, రెండు మూడు వారాల తర్వాత తీసిన రక్తంతో కలిపి ఒకే కిట్‌తో, ఒకేసారి పరీక్షించవచ్చు. ఐజీజీ గణనీయంగా పెరిగిందా, అక్కడే ఉందా అన్నది తేటతెల్లమవుతుంది. రిపోర్టు ఇచ్చిన కొద్ది రోజులకే ఆ ట్యూబును పారేస్తే ఇంకేం పోల్చగలం? వేరే ల్యాబ్‌లో వేరే కిట్‌తో వచ్చిన అంకెను పక్కన పెట్టుకుని పెరిగింది, తగ్గింది అనడం శాస్త్రం కాదు. ఆ చిన్న ట్యూబుకు ఫ్రీజర్‌లో చోటు దొరకదా?

గర్భం రెండు మూడుసార్లు పోగానే టార్చ్ రాసే అలవాటు ఇంకా పోలేదు. ఒకసారి సోకి తగ్గాక, రోగనిరోధక శక్తి బాగున్న స్త్రీకి టాక్సోప్లాస్మా వరుసగా గర్భాలు పోగొట్టదు. పదేపదే గర్భస్రావమయ్యే వారికి టార్చ్ పరీక్ష మానేయాలని బ్రిటన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ ఎప్పుడో చెప్పింది. అయినా కూలి డబ్బులు కూడబెట్టుకుని మన ఆడపిల్లలు ఆ పరీక్ష చేయించుకుంటున్నారు. పాజిటివ్ వస్తే నింద మోస్తున్నారు. పిల్లి మీద పడే నింద కూడా అంతే. పిల్లి తనకు మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాలే ఈ పరాన్నజీవి గుడ్లను మలంలో వదులుతుంది. అవి సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు ఇంకెవరైనా ఎత్తేస్తే చాలు, పిల్లిని ఇంట్లోంచి తరిమేయనక్కర్లేదు. సంకటిలోకి నాటుకోడి పులుసు బాగా మరిగితే భయం లేదు. పచ్చి మాంసం కోసిన కత్తి, కడగని కొత్తిమీర, తోటపని చేసిన మట్టి చేతులు, వీటి దగ్గర జాగ్రత్త పడాలి.

నిజంగానే గర్భంలో ఉండగా సోకిందని తేలితే అప్పుడేం చేయాలి? అప్పుడు కూడా తొందరపడకూడదు. తొలి నెలల్లో సోకితే బిడ్డకు పాకే అవకాశం తక్కువ, పాకితే నష్టం ఎక్కువ. చివరి నెలల్లో పాకే అవకాశం ఎక్కువ, నష్టం తక్కువ. బిడ్డకు పాకిందా లేదా తేల్చేది ఉమ్మనీటి పీసీఆర్ పరీక్ష, అంటే ఉమ్మనీటిలో పరాన్నజీవి జన్యుపదార్థాన్ని వెతకడం. పద్దెనిమిది వారాలు నిండాక, తల్లికి సోకి కనీసం నాలుగు వారాలు గడిచాక చేస్తేనే దాన్ని నమ్మవచ్చు. ఈలోగా వైద్యులు స్పైరామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తారు. బిడ్డ అవయవాల్లో లోపాలను చూసే టిఫా స్కాన్ మామూలుగా ఉంటే మంచిదే గానీ, స్కాన్ ఒక్కటే ఇన్‌ఫెక్షన్ లేదని చెప్పలేదు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టేది పుట్టాక జరిగే నిర్లక్ష్యం. అనవసరంగా భయపడిన తల్లులు ఒకవైపు ఉంటే, నిజంగా సోకిన బిడ్డలు మరోవైపు మన కళ్ల ముందే జారిపోతున్నారు. ఇలా సోకిన బిడ్డల్లో ఎక్కువమంది పుట్టినప్పుడు చక్కగా, బొద్దుగా ఉంటారు. తల పెద్దదవడం, మెదడులో కాల్షియం మచ్చలు, కంటి వెనక పొర దెబ్బతినడం కొందరిలోనే వెంటనే కనిపిస్తాయి. మిగిలినవారిలో కంటి జబ్బు ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. బిడ్డకు పాజిటివ్ వచ్చిందని ఐజీజీ చూసి ఏడ్చే తల్లులున్నారు. అది తల్లిదే, మాయ గుండా బిడ్డకు వచ్చింది, బిడ్డకు జబ్బు లేకపోతే ఏడాదిలోపు కరిగిపోతుంది. ఐజీఎమ్, ఐజీఏ అనే మరో యాంటీబాడీ మాయను దాటవు కాబట్టి అవి బిడ్డ రక్తంలో ఉంటే పట్టించుకోవాలి. అయితే బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తం కలిసే ప్రమాదం ఉంది, బిడ్డ నరం నుంచే తీసి చూడాలి. కంటి వైద్యుడు చూడాలి, మెదడు స్కాన్ చేయించాలి. జబ్బు ఖాయమైతే మందులు దాదాపు ఏడాదిపాటు వాడాలి, రక్తకణాలు తగ్గకుండా పరీక్షలు చేయిస్తూ ఉండాలి.

ఫ్రాన్స్‌లో ఇదివరకు ఈ జబ్బు సోకని గర్భిణులకు నెలనెలా ఈ పరీక్ష చేయడం 1992లో మొదలుపెట్టారు. మనకు అంత పెద్ద కార్యక్రమం కావాలని నేను అడగడం లేదు. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను ఉచితంగా చూస్తున్నారు. ఐజీఎమ్ పాజిటివ్ వచ్చిన అమ్మాయి ఆ రోజు వస్తే, ఆమె సీరం అవిడిటీ పరీక్షకు ఉచితంగా వెళ్లే దారి ఒకటి ఏర్పాటు చేయండి. మెడికల్ కాలేజీ, స్విమ్స్, ప్రసూతి ఆస్పత్రి అన్నీ ఉన్న తిరుపతిలో ఇది గొంతెమ్మ కోరిక కాదు. ప్రైవేటు ల్యాబులవాళ్లు ఐజీఎమ్ పాజిటివ్ రిపోర్టు కింద నిర్ధారణ పరీక్ష తప్పనిసరి అని తెలుగులో ఒక్క వాక్యం అచ్చు వేయండి. ఆ సీరాన్ని ప్రసవం అయ్యేదాకా దాచండి. తల్లులారా, గర్భంలో ఉండగా మీకు సోకిందని వైద్యులు తేల్చి ఉంటే, బిడ్డ ఎంత ఆరోగ్యంగా కనిపించినా ఏడాది నిండేదాకా ఐజీజీ పరీక్షలకు తీసుకురండి, మొదటి పుట్టినరోజు తర్వాత చేసే ఆఖరి పరీక్ష మాత్రం అస్సలు మానకండి.