పేరయ్యకు లాభం, యాప్‌కు నష్టం

పెళ్లిళ్ల పేరయ్యకు కమీషన్ ముట్టేది తాళి పడ్డాకే. అందుకే చెప్పులరిగేలా తిరిగేవాడు. గుంటూరు అబ్బాయికి తెనాలిలో కుదరకపోతే నూజివీడు దాకా వెళ్లేవాడు. రెండెకరాలను ఐదని చెప్పేవాడు, నిజమే. అయినా జత కుదిరితేనే ఆయనకు నాలుగు డబ్బులు. డేటింగ్ యాప్‌కు ఈ లెక్క తిరగబడింది. ఇద్దరూ కుదిరిన రోజున దానికి రెండు చందాలు పోతాయి.

బ్రాడీపేట హాస్టల్ గదిలోనో, బెంజిసర్కిల్ దగ్గరి అద్దె ఇంట్లోనో అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది. 'మీరు ఒకరికి నచ్చారు' అని కబురు. ఫొటో మసకగా ఉంటుంది. ఎవరో తెలియాలంటే డబ్బు కట్టాలి. మన ప్రొఫైల్ నలుగురి కంట పడాలంటే 'బూస్ట్'కు మళ్లీ కట్టాలి. యాప్‌లోని లైవ్ వీడియోలో మాట్లాడే అమ్మాయి మన పేరు పలకాలంటే గిఫ్ట్ పంపాలి. రూపాయలు ముందే యాప్‌లోని కాయిన్లయిపోతాయి కనుక ఎంత పోయిందో నెలాఖరుకు గానీ తెలియదు. ఆ అమ్మాయిని మేము తప్పుపట్టడం లేదు. ఆమెదీ పొట్టకూటి పనే, రాత్రంతా నవ్వుతూ కూర్చోవడం తేలిక కాదు.

30 ఏళ్లు దాటినవారి దగ్గర టిండర్ అనే డేటింగ్ యాప్ నెలకు 19.99 డాలర్లు, అంతకంటే చిన్నవారి దగ్గర 9.99 లేదా 14.99 డాలర్లు తీసుకుంటోందని కాలిఫోర్నియాలో ఒకాయన కేసు వేశాడు. వయసును బట్టి అలా వసూలు చేయడాన్ని అక్కడి పౌరహక్కుల చట్టం ఒప్పదని 2018లో అప్పీలు కోర్టు చెప్పింది. ముప్పై దాటినా సంబంధం కుదరక, చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లడమే మానేసిన అబ్బాయిలు మన ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల టెన్షన్‌ను చూసి ధర పెంచడం అన్యాయం.

మన దేశంలో నిబంధనలు లేకపోలేదు. ఆన్‌లైన్ వేదికలు చేసే 13 రకాల మాయలను కేంద్రం 2023 నవంబరు 30న నిషేధించింది. చేరడం తేలిక చేసి, చందా ఆపుకోవడం కష్టం చేయడం అందులో ఒకటి. ఇది డేటింగ్ యాప్‌లకూ వర్తిస్తుంది. మేము కోరేది ఇంకొంత: ధరను రూపాయల్లో, తెలుగులో ముందే చూపించాలి. కట్టిన మీటతోనే మానుకునే వీలుండాలి. అధికారులు ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా తామే ఈ యాప్‌లు తెరిచి చూడాలి.

ఎదురుచూస్తే ఫిర్యాదులు రావు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, మోసపోతే సైబర్ నేరాలకు 1930. నంబర్లు రెండూ పనిచేస్తున్నాయి. పిల్లలు ఫోన్ చేయనిది సిగ్గుతో, ఇంట్లో తెలుస్తుందన్న భయంతో. కొడుకో కూతురో డబ్బు పోయిందని నోరు విప్పితే 'ఆ యాప్‌లో నీకేం పని?' అని అడగకండి. పక్కన కూర్చుని ముందు ఆ రెండింటిలో తగిన నంబరు కలపండి.