తాంబూలాల్లో టైమ్ ట్రావెల్

'డార్క్' అనే జర్మన్ సిరీస్ చూసినవాళ్లెవరూ గుహలోంచి నడిస్తే 33 ఏళ్లు వెనక్కి ఎలా వెళ్తారని అడగరు. ఊరి పక్కన అణు విద్యుత్ కేంద్రం, దాని దగ్గర గుహ, గుహలో ఓ తలుపు, తలుపవతల 1986. సరే బాబూ, తర్వాతేంటో చెప్పు అంటారు. గొడవంతా అలా వెళ్లినవాడు అక్కడ వెలగబెట్టిన పని గురించే. 2017లో మొదలై 2020లో అయిపోయింది, మొత్తం 26 ఎపిసోడ్లు. మా బావా నేనూ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాం.

చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. మికెల్ అనే పదకొండేళ్ల పిల్లాడు 2019 నవంబరులో మాయమై 1986లో తేలతాడు. అక్కడ ఓ నర్సు చేరదీసి పెంచుతుంది. పెద్దవాడై పెళ్లి చేసుకుని కొడుకుని కంటాడు, ఆ కొడుకు యోనాస్ 2019లో మార్తా అనే పిల్లని ప్రేమిస్తాడు, ఆ పిల్ల ఎవరయ్యా అంటే మికెల్‌కి సొంత అక్క. అంటే యోనాస్‌కి మేనత్త! మనవైపు మేనత్త కూతుర్ని చేసుకుంటారు, అది వేరే సంగతి. సాక్షాత్తూ మేనత్తనే ప్రేమించడం ఏ వరసలోకీ రాదు.

యోనాస్ 1986కి వెళ్లి, చిన్న మికెల్‌ని కళ్లారా చూసి కూడా వెనక్కి తీసుకురాలేదు, అది పచ్చి స్వార్థం అంటాడు బావ. తీసుకొస్తే యోనాస్ పుట్టనే పుట్టడు కదా, పుట్టనివాడు ఎలా తీసుకొస్తాడంటాను నేను. ఇక మికెల్ తండ్రి ఉల్రిచ్ సంగతొస్తే ఇద్దరం గొంతు పెంచేస్తాం. పోలీసు ఆఫీసరు, కొడుకుని వెతుక్కుంటూ పొరపాటున 1953లో తేలి, ముందు ముందు పిల్లల్ని ఎత్తుకుపోయేది వీడేనని హెల్గే అనే చిన్న కుర్రాణ్ణి రాయితో కొట్టేస్తాడు. ఆ హెల్గే ముసలితనంలో చెవి దగ్గర మచ్చతో ఈయనకి అప్పటికే కనిపించాడుగా! ఆ మచ్చ ఎక్కడిదని ఒక్క క్షణం ఆలోచిస్తే కుర్రాడు బతికి బట్టకట్టాడని అర్థమయ్యేది. పోలీసు బుర్ర ఏమైందంట?

ఈ చర్చ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. మేం మా పెదనాన్న కొడుకు నిశ్చితార్థంలో, తణుకులో అమ్మాయి వాళ్ల పెరట్లో పెట్టుకున్నాం. వంటవాళ్లు బూరెలు వేస్తున్నారు, మేం పొయ్యి పక్కన నిలబడి చెరోటీ ఊదుకుంటూ తింటున్నాం. పెళ్లికూతురి మేనమామగారు చేతులు కడుక్కోడానికి కుళాయి దగ్గరికి వచ్చారట, మేం చూళ్లేదు. ఇక్కడో ముక్క చెప్పాలి. మా తాతయ్య హెడ్ కానిస్టేబుల్‌గా చేశారు. ఆ విషయం పెళ్లిచూపుల్లోనే పెదనాన్న గర్వంగా చెప్పి ఉన్నారు.

"పోలీసు ఉద్యోగంలో ఉండి, పిల్లాడి తలకాయ రాయితో బద్దలు కొడతాడా బావా ఎవడైనా?" అన్నాను.

"కొడుకు తప్పిపోయాడని పిచ్చెక్కిందిరా. అయినా అనుభవించాడుగా, పిచ్చాసుపత్రిలోనే ముసలాడయ్యాడు."

"పెళ్లాం ఉండగా ఇంకొకావిడతో తిరగడం కూడా కొడుకు తప్పిపోయాడనేనా?"

"ఆ కుటుంబమే అంత. కొడుకుని ఎవరో నర్సు పెంచింది. మనవడు చూస్తే మేనత్తని ప్రేమించాడు. ఇంకేం చెప్తాం!"

ఆ మనవడు లోపల పట్టుపంచెలో, బొట్టు పెట్టుకుని, పీట మీద కూర్చున్నాడని మాకు తట్టలేదు. పైగా మా ఇంట్లో మేనత్త అంటే ఒక్కరే, మా బావ వాళ్లమ్మ, అరవై దాటిన మనిషి. సొంత తల్లి గురించి కొడుకే బూరె నములుతూ ఇంత తాపీగా మాట్లాడుతున్నాడంటే ఆ మేనమామగారి గుండె ఏమైపోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆయన లోపలికి వెళ్లేసరికి లగ్నపత్రిక చదవడం అయిపోయింది. అమ్మాయి తండ్రి వెండి పళ్లెం ఎత్తి పట్టుకున్నారు, అందులో తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు, నాలుగు మూలలా పసుపు రాసిన పత్రిక. మేనమామగారు ఆయన చెవిలో ఏదో ఊదారు. ఇటు పెదనాన్న రెండు చేతులూ చాపారు, పళ్లెం ముందుకి రాదు. ఆయన కొంచెం లాగారు, వాళ్లు కొంచెం బిగపట్టారు. ఓ అరటిపండు జారి కింద పడింది, ఎవరూ తియ్యలేదు.

"అన్నయ్యగారూ, తమరు చిన్నప్పుడు తప్పిపోయారట?" అనడిగారు మేనమామగారు.

"అవునండీ, అంతర్వేది తీర్థంలో. మీకెవరు చెప్పారు?" అన్నారు పెదనాన్న సంబరంగా. ఆయన నిజంగానే తప్పిపోయారు మరి, ఆ కథంటే ఆయనకి మహా ఇష్టం.

"నర్సు పెంచిందట కదా?"

"నర్సేంటండీ, సాయంత్రానికే దొరికేశాను."

"మరి... మేనత్తగారి సంగతేంటి?"

హాలు హాలంతా మా అత్తయ్య వైపు తిరిగింది. ఆవిడ పాపం జడలో పూలు సరిచేసుకుంటోంది.

కేకలు విని మేం పరిగెత్తుకెళ్లాం. బావ ఫోన్ తీసి, ఇదండీ సిరీస్, వీడండీ యోనాస్, వీడండీ పోలీసు అని ఒక్కొక్కళ్ల ముఖం చూపించి చెప్పుకొచ్చాడు. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నమ్మకం కుదరడానికని షార్లెట్, ఎలిజబెత్‌ల గొడవ కూడా ఎత్తాడు. షార్లెట్ కూతురు ఎలిజబెత్, ఆ ఎలిజబెత్ పెద్దయ్యాక కన్న బిడ్డే షార్లెట్. మా నానమ్మ కళ్లజోడు సవరించుకుని, "అయితే పురిటికి పుట్టింటికెళ్లాలంటే అది కూతురింటికే వెళ్లాలా?" అంది. ఎన్నో విశ్లేషణలు చదివాను గానీ ఇంత సూటి ప్రశ్న ఎవరూ వెయ్యలేదు.

మేనమామగారు శాంతించారు గానీ, ఇంకో రకంగా రెచ్చిపోయారు. "అదే ఊళ్లో కాపురం ఉంటూ, చిన్నప్పటి తను ఫలానా రోజు మాయమవుతాడని తెలిసి కూడా ఆ యోనాస్ తండ్రి మికెల్ నోరెత్తలేదా? ఏం మనిషండీ!" అని మొదలెట్టారు. పెదనాన్న తప్పిపోయిన పిల్లల తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. పళ్లెం మాత్రం ఇద్దరు వియ్యంకుల మధ్యా అలాగే ఉంది.

"అయ్యా, వర్జ్యం దగ్గర పడుతోంది" అన్నారు పురోహితుడు గారు. ఎవరూ వినలేదు. కాసేపాగి ఆయనే, "అసలు 33 ఏళ్లే ఎందుకండీ?" అన్నారు. సూర్యచంద్రుల లెక్క 33 ఏళ్లకోసారి కలుస్తుందని సిరీస్‌లో చెప్తారండీ అన్నాను. ఆయన వేళ్లు మడిచారు. "చాంద్రమానం 354 రోజులు, సౌరమానం 365. ఏటా 11 రోజుల తేడా, 33 ఏళ్లకి 363. నిజమే, దాదాపు ఓ ఏడాది. మనం 32, 33 నెలలకో అధికమాసం వేసి ఎప్పటికప్పుడు సర్దేస్తాం. వాళ్లు అన్నేళ్లు బాకీ పెట్టుకున్నారు, గుహ నోరు తెరవదూ మరి!" అందరూ ఆహా అన్నారు. ఈలోపు వర్జ్యం వచ్చేసింది. అది వెళ్లేదాకా తాంబూలాలు ఆగాయి, తాంబూలాలు అయ్యేదాకా భోజనాలు ఆగాయి, బూరెలు చల్లారిపోయాయి. మా అత్తయ్య ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

పెళ్లి రోజు పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తున్నారు, సన్నాయి మోగిపోతోంది. మా వరస దగ్గరికి రాగానే ఈయన టక్కున ఆగిపోయారు. రెండోవైపు పట్టుకున్నాయన చూసుకోలేదేమో, గంప ఓ పక్కకి ఒరిగింది.

"బాబూ, మూడో సీజన్ కూడా చూసేశాను" అన్నారు ఆయాసపడుతూ. "ఇంకో లోకం ఉందన్నాడు, సరే అనుకున్నాం. చివర్లో మళ్లీ మూడోదుందంటే అది మోసం కాదూ?"

"మోసమెలా అవుతుందండీ, ఆ గడియారాలు చేసే టాన్‌హౌస్ కొడుకు..." అని బావ అందుకోబోయాడు.

గంపలోంచి పెళ్లికూతురు కొబ్బరిబోండాం ఎత్తి పట్టుకుని, "మావయ్యా! నేనింకా రెండో సీజన్‌లోనే ఉన్నా!" అని అరిచింది.