మీవత్న్‌లో నా మొలతాడు

ఐస్‌లాండ్ ప్లానంతా మా బావమరిదిదే. కోపెన్‌హాగన్‌లో ఉద్యోగం కదా, ఆ చుట్టుపక్కల దేశాలన్నీ తన సొంత మండలాలన్నట్టు మాట్లాడతాడు. దేశానికి ఉత్తరాన మీవత్న్ సరస్సు పక్కన ఒక పల్లెటూరి హోటల్ బుక్ చేశాడు. వెనక గొర్రెలు, ముందు లావా రాళ్లు, వేడినీళ్ల కుళాయి తిప్పితే కోడిగుడ్డు కంపు. "భూమిలోంచి వచ్చే నీళ్లు బావా, గంధకం వాసన" అన్నాడు. మా అత్తగారు శాకాహారి. చన్నీళ్లతో మొహం కడుక్కుని ఊరుకున్నారు.

పొద్దున క్రాఫ్లా చూశాం. 1975 నుంచి 1984 దాకా తొమ్మిదిసార్లు లావా కక్కిన చోటు. ఇప్పటికీ రాళ్ల సందుల్లోంచి ఆవిరి వస్తోంది. మధ్యాహ్నం హ్వెర్‌ఫ్యాల్. కిలోమీటరు వెడల్పున్న ఆ గుంట రెండున్నర వేల ఏళ్ల కిందట ఒక్క పేలుడులో పుట్టిందంటారు. అంచు మీద నడిచి దిగేసరికి బూట్లలో, చెవుల్లో, జేబుల్లో నల్ల బూడిద. మాది ఆదిలాబాద్. మా నల్లరేగడి కూడా ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా రాయి అరిగి ఏర్పడిందే కాబట్టి, ఇంటి మట్టేలే అని దులుపుకోలేదు.

"వేడినీళ్ల కొలనుకి పోదాం బావా, ఒళ్లు నొప్పులు ఎగిరిపోతాయి" అన్నాడు. అక్కడ దిగేముందు ఏం చేయాలో మాత్రం చెప్పలేదు.

ఏం చేయాలంటే, ఒంటి మీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేయాలి. కొలను నీళ్లలో క్లోరిన్ వీలైనంత తక్కువ వాడతారు కాబట్టి ఎవరి మురికి వాళ్లు బయటే వదిలించుకోవాలి. గోడ మీద మనిషి బొమ్మ. తల, చంకలు, పాదాలు, ఇంకా ఆ మధ్యభాగం, అన్నిచోట్లా ఎర్రరంగు. మా ఊరి లేఅవుట్ బ్రోచర్లలో కూడా హద్దులు ఇంత స్పష్టంగా చూపించరు. కర్టెన్ ఉన్న గది ఒక్కటే ఉంది. అందులో మా బావమరిది ఎప్పుడో దూరిపోయి కూనిరాగాలు తీస్తున్నాడు.

నేను షార్ట్స్‌తోనే షవర్ కిందికి వెళ్లాను. రబ్బరు చెప్పులేసుకున్న ఒక పెద్దాయన వచ్చి, ఎంతో మర్యాదగా, "అది తీసేయాలి" అన్నాడు. తీశాను. గోడవైపు తిరిగాను. ఒంటి మీంచి నల్లగా బూడిద నీళ్లు కారుతున్నాయి, ఆయనకి నా మీద ఉన్న అనుమానం రుజువవుతోంది. ఇంతలో ఆయన చూపు నా నడుం దగ్గర ఆగింది.

"మీ షార్ట్స్ నాడా ఊడి ఒంటికి అతుక్కుపోయినట్టుంది" అన్నాడు.

అది నాడా కాదు స్వామీ, మొలతాడు. మా నాయనమ్మ కట్టడం మొదలుపెట్టింది, ఆవిడ పోయాక అమ్మ అందుకుంది. పాతది తీసేలోపే కొత్తది కట్టాలి, మొల ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. మా వైపు మొలతాడు తెంపేది మనిషి పోయాకే. ఇదంతా నేను సబ్బు నురగతో, నూలుపోగు లేకుండా (ఆ ఒక్క పోగు తప్ప), నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాలి. "ఇది తీస్తే నేను చచ్చిపోయినట్టు" అన్నాను. క్లుప్తంగా చెప్దామనుకున్నాను.

ఆయన మొహం పాలిపోయింది. వైద్య పరికరం అనుకున్నాడు. "బ్యాటరీ ఉందా? తడవొచ్చా?" అనడిగాడు. వెనక వరసలో ఉన్న ఒక జర్మన్ ఆయన కొడుకు, ఐదేళ్లుంటాయేమో, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని నా నడుంకేసి వేలు చూపించాడు. ఆ నాన్న కూడా చూశాడు. పెద్దాయన ఇంకొకాయన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి గోడ మీద బొమ్మ చూశారు, నన్ను చూశారు, మళ్లీ బొమ్మ చూశారు. ఆ బొమ్మకి మొలతాడు లేదు. చివరికి రెండోఆయన, దానికి కూడా సబ్బు రాస్తే చాలని తీర్పిచ్చాడు. వాళ్లిద్దరూ చూస్తుండగా తాడంతా చుట్టూ తిప్పి తిప్పి రాశాను.

మా బావమరిది గదిలోంచి బయటికొచ్చి, "ఏంటి బావా లేటు?" అన్నాడు. జవాబివ్వలేదు.

నీళ్లు బాగున్నాయి. పాలు కలిపినట్టు నీలంగా, వెచ్చగా. కాసేపు మునిగి లోపలికొచ్చాను. లాకర్ వైపు అడుగేయగానే అదే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. తడి ఒంటితో అటు వెళ్లకూడదు, టవల్ ముందే షవర్ల దగ్గర స్టాండు మీద పెట్టుకోవాలి. ఆ సంగతీ బావమరిది చెప్పలేదు. నా టవల్ లాకర్లో ఉంది.

స్టాండు మీద వాడి టవల్ మాత్రం నీట్‌గా మడతపెట్టి ఉంది. తల దగ్గర్నుంచి మొదలుపెట్టి, బొమ్మలో ఎర్రగా ఉన్న చోట్లన్నీ ఒక్కటీ వదలకుండా తుడుచుకుని, మళ్లీ అలాగే మడతపెట్టాను. వాడు దాంతోనే మొహం తుడుచుకున్నాడు.