ఖాళీగానే ఉండావు కదా!

నేను ఏ రోజు పుట్టానో మా అమ్మకే సరిగ్గా గుర్తు లేదు. బడిలో చేర్పించిన పూట అయ్యవారు జూన్ 1 అని రాసేశారు. ఒకటో తేదీన పుట్టినవాడు రిటైరయ్యే ఏడాది ముందు నెల ఆఖరి రోజే ఉద్యోగం దిగిపోవాలని సర్కారు లెక్క. ఆ విధంగా మే 31న, మేడమీద వడియాలు గంటలో ఎండిపోయే తిరుపతి ఎండలో, నాకు పద్నాలుగు శాలువాలు కప్పారు. వాటితోపాటు తొమ్మిది వెంకటేశ్వరస్వామి పటాలు ఇచ్చారు. కిటికీ తీస్తే కొండ కనబడే ఇంటికి తొమ్మిది పటాలూ ఆటోలో వేసుకుని వచ్చాను.

సభలో మాట్లాడిన పెద్దలంతా ఒకటే మాట చెప్పారు. "ఇన్నేళ్లు ఇంటికోసం, ఆఫీసుకోసం బతికారు. ఇకనైనా మీకోసం బతకండి. మీకు మీరే ఓ మంచి కానుక ఇచ్చుకోండి." మిగతావాళ్లు చప్పట్లు కొట్టి మిక్చరు పొట్లం విప్పారు. నేను మాత్రం ఆ మాటను ఉత్తర్వుగానే తీసుకున్నాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్ల మధ్య బతికిన మనిషికి నోటిమాట ఉత్తర్వైనా ఉత్తర్వే.

ఈ కానుక పుచ్చుకునే వయసు ఏదన్న దాంట్లోనే బోలెడు గందరగోళం ఉంది. 1983లో రిటైర్మెంటు వయసు 58 కాస్తా 55 అయింది. రెండేళ్లలోపే మళ్లీ 58కి వచ్చింది. 2014లో 60, 2022లో 62. నేను గీత వైపు నడుస్తున్నకొద్దీ అది రెండేసి అడుగులు వెనక్కి జరిగింది. మా ఆవిడ రెండుసార్లు పట్టుచీర కొనుక్కుని రెండుసార్లూ బీరువాలో పెట్టేసింది.

సరే, కానుకకు డబ్బు చూడాలి. పింఛనులో 40 శాతం ముందే అమ్ముకుని రొక్కం పుచ్చుకోవచ్చు. అమ్ముకున్న భాగం తిరిగి మనకు రావాలంటే 15 ఏళ్లు ఆగాలి. 62కు 15 కలిపితే 77. కాబట్టి నా పూర్తి పింఛను చేతికొచ్చే ఏడాది నేను హిమాలయాలు ఎక్కడానికి బూట్లు కొనుక్కోవచ్చన్నమాట. ఇక సెలవుల సంగతి. సర్వీసులో వాడుకోకుండా దాచిన 300 రోజుల ఆర్జిత సెలవును సర్కారుకే అమ్మేశాను. ఏడాదికి కాస్త తక్కువ విశ్రాంతిని నేనే చేతులారా అమ్ముకుని, ఇప్పుడు విశ్రాంతి ఎక్కడ దొరుకుతుందా అని బజారులో తిరుగుతున్నాను. దీన్ని ఆర్థిక క్రమశిక్షణ అంటారు.

నాకన్నా ముందు దిగిపోయినవాళ్లు ఏం చేశారో చూద్దామని బయల్దేరాను. ఒకాయన బుల్లెట్టు బండి కొన్నాడు. దాన్ని స్టాండు మీదనుంచి దించడానికి పక్కింటి కుర్రాడు కావాలి, ఆ కుర్రాడు బెంగళూరులో ఉద్యోగానికి పోయాడు. బండి మీద ఇప్పుడు తువ్వాళ్లు ఆరేస్తున్నారు. ఇంకొకాయన చేతికి గడియారం కట్టుకున్నాడు, అది అడుగులు లెక్కపెడుతుంది, గుండె లెక్కపెడుతుంది. రాత్రి నిద్ర సరిగ్గా పోలేదని పొద్దున చెబుతుందట. ఆ సంగతి ఆయనకు రాత్రే తెలుసు.

మూడో ఆయనది అసలు కథ. ప్రకృతి ఒడిలో శేషజీవితం గడుపుతానని బంగారుపాళ్యం దగ్గర నాలుగెకరాల తోతాపురి మామిడి తోట కొన్నాడు. 2025లో కాపు విరగకాసింది. ధర మాత్రం పడిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి 12 అని నిర్ణయించారు. ఆయన గ్రాట్యుటీ డబ్బు ట్రాక్టరు ట్రాలీలో ఎక్కి, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రోజులతరబడి వరుసలో నిలబడి, సగం అక్కడే ముగ్గిపోయింది. "ఆఫీసులో అయితే బిల్లు ఆలస్యమైనా కుళ్లేది కాదు సామీ" అన్నాడు. సర్వీసు మొత్తం మీద ఆయన చెప్పిన లోతైన మాట ఇదేననుకుంటాను.

ఇంట్లో విషయం కదిపాను. "నాకు నేను ఏదైనా కానుక ఇచ్చుకుందామని అనుకుంటా ఉండా."

"ఇచ్చుకోండి, ఎవురొద్దన్నారు? ముందు ఆ పద్నాలుగు శాలువాలు యాడ పెట్టాల్నో చెప్పండి."

ఫైలు అక్కడే ఆగింది.

ఇంతకీ ఇవన్నీ వేరే ఊళ్లవాళ్ల బాధలు. తిరుపతివాడి రిటైర్మెంటు వేరు. రాష్ట్రంలో ఎక్కడెక్కడివాళ్లో రిటైరయ్యాక స్వామి పాదాల దగ్గర ఉందామని ఇక్కడికి వచ్చి ఫ్లాటు కొనుక్కుంటారు. ఇక్కడే పుట్టినవాడు ఎక్కడికి పోవాలి? పైగా సొంతూరు తిరుపతి అని నోరు జారినవాడికి చుట్టం కానివాడు తెలుగునేల మీద లేడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు "ఆడిట్ నడుస్తోంది" అనే ఒక్క మాట నన్ను కాపాడింది. ముప్పై నాలుగేళ్లలో మా ఆఫీసులో జరిగిన ఆడిట్లకన్నా నేను ఫోనులో జరిపించినవే ఎక్కువ.

జూన్ 1 పొద్దున ఆరింటికి మొదటి ఫోను. ఒంగోలు బావ. "రిటైరయ్యావంటగా! శుభం. మేం తొమ్మిదిమందిమి వస్తన్నాం. 300 రూపాయల టికెట్లు మూడు నెలలకి ముందే అయిపోయినయ్యంట. నువ్వు కాస్త ఎవరితోనన్నా మాట్లాడి లెటరు పుట్టించు. ఖాళీగానే ఉన్నావుగా!"

ఆ రోజునుంచి ఇదే పాట. నెల్లూరు చుట్టాలకు గది కావాలి, అనంతపురం వాళ్లకు గుండు కొట్టించేచోట మంచి మంగలి కావాలి, హైదరాబాదు మేనకోడలికి లడ్డూలు కావాలి, అవి కూడా కొరియర్లో. పది వేలు విరాళమిచ్చి ఐదువందలు టికెట్టుకు కడితే శ్రీవాణి దర్శనం ఉందయ్యా అంటే, "అంత డబ్బుంటే నీకెందుకు ఫోను చేస్తాం" అని ఉన్నమాట చెప్పారు. స్థానికులకని నెలలో మొదటి మంగళవారం దర్శనం పెడితే, దానికి కూడా నన్ను చూపించి తాము స్థానికులైపోదామని చూసిన బంధువు ఉన్నాడు. పేరు రాయను, పండక్కి వస్తాడు.

కాలినడక మొక్కున్నవాళ్లకు తోడు కావాలి. అలిపిరి మెట్లు మూడువేల అయిదువందల పైచిలుకు. జూన్ నెలలో నాలుగుసార్లు ఎక్కాను. మోకాళ్ల పర్వతం దగ్గర కూర్చుండిపోయిన పెద్దత్తకు మజ్జిగ తేవడానికి కిందికీ పైకీ తిరిగింది లెక్కలో వెయ్యలేదు. చేతి గడియారం కొనలేదు, నడక యంత్రం కొనలేదు, నాలుగు కిలోలు తగ్గాను. జీవనశైలి మారింది. నేను మార్చలేదు, అంతే. బతికే ఉన్నానా అని సర్కారు ఏడాదికి ఒకసారి సర్టిఫికెట్టు అడుగుతుంది. మా చుట్టాలు వారానికి రెండుసార్లు కనుక్కుంటారు.

అప్పుడు తెలిసొచ్చింది, నాకు నేను ఇచ్చుకోవలసిన కానుక ఏదో. బుల్లెట్టు కాదు, తోట కాదు. ఒక ఉద్యోగం. జీతం అక్కర్లేదు, పని అసలే అక్కర్లేదు, "ఆఫీసులో ఉన్నా" అని చెప్పుకోవడానికి ఒక ఆఫీసు చాలు.

గాంధీ రోడ్డులో మెడకు వేసుకునే నీలం రిబ్బను, ప్లాస్టిక్ కార్డు కొన్నాను. కార్డులో పెట్టడానికి ఏమీ లేక నా పింఛను ఫొటో పెట్టాను. మర్నాడు తొమ్మిదీ ముప్పావుకు ఇస్త్రీ చొక్కా, క్యారియరులో సంగటి, ఊరిబిండి పెట్టించుకుని బయల్దేరాను. మా ఆవిడ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పదింటినుంచి ఐదింటిదాకా ఇల్లు తనకు మళ్లీ దక్కిందన్న వెలుగు ఆమె ముఖంలో స్పష్టంగా కనబడింది. ఒక కొనుగోలుకు రెండు కానుకలు.

ప్రకాశం పార్కులో నీడ ఉన్న బెంచీ చూసుకుని కూర్చున్నాను. ఎదురు బెంచీలో ఒకాయన, మెడలో ఎర్ర రిబ్బను, పక్కన క్యారియరు. ఆ వెనక బెంచీలో ఇంకొకాయన, ఆకుపచ్చ రిబ్బను. పలకరించుకున్నాం. ఎర్ర రిబ్బనుకు కడప చుట్టాలు, ఆకుపచ్చకు విజయవాడ. వారం తిరిగేసరికి ఏడుగురం అయ్యాం. ఆకుపచ్చాయన అందరికన్నా సీనియర్, ఆయనే సూపరింటెండెంటు. చిన్న నోటుబుక్కులో హాజరు వేస్తున్నాం. మొన్న ఒకాయన పదిన్నరకు వస్తే మెమో ఇచ్చాం. ఇంకొకాయన, "మా మరదలు వాళ్లు కొండకు వస్తా ఉండారు, అర్ధరోజు పర్మిషను ఇయ్యండి" అని కాగితం రాశాడు. ఆఫీసు ఏ ఉద్దేశంతో పెట్టామో ఆ ఉద్దేశానికే విరుద్ధమని తిరస్కరించాం. అంతా బ్రహ్మాండంగా నడుస్తోంది. సర్వీసులో ఏ రోజూ ఇంత నిజాయితీగా ఐదింటిదాకా కూర్చోలేదు.

నిన్న పదకొండింటికి ఒంగోలు బావ ఫోను. "ఆఫీసులో ఉన్నా బావా" అన్నాను గంభీరంగా. పక్కన ఎవరో పిల్లవాడు ఉయ్యాలకోసం గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. "మా జూనియరు. బదిలీ అయింది పాపం" అన్నాను.

బావ నమ్మాడు. "మళ్లీ ఉద్యోగంలో చేరావా! మంచిదే. అయితే ఆదివారం వస్తాం. ఆదివారం ఖాళీయేగా?"

ఆదివారాలు కూడా ఆఫీసు తెరవాలన్న ప్రతిపాదన ఇప్పుడు సూపరింటెండెంటుగారి దగ్గర పరిశీలనలో ఉంది. ఎర్ర రిబ్బనాయన ఒక్కడే అభ్యంతరం రాశాడు, ఓవర్‌టైము ఏ పద్దు కింద ఇస్తారని.