శనివారం పూట గుడ్డు వంతెన

(ప్రాగ్. వల్తావా నదికి కోట ఉన్న వైపు, చార్లెస్ వంతెన మొదట్లో బురుజు ద్వారం. జూన్ నెల, శనివారం, సాయంత్రం నాలుగుంపావు. రామలక్ష్మి ద్వారం దాటి నాలుగడుగులు వేసింది. సత్తిబాబు ఇవతలే, గుడి బయట చెప్పులు వదలాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడిలా ఆగిపోయాడు.)

రామలక్ష్మి: రండి మరి! అయిదింటికి అవతల, గంటకోసారి బొమ్మలు కదిలే గడియారం దగ్గరుండాలి. పది నిమిషాలు ముందే నిలబడకపోతే ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడవు.

సత్తిబాబు: నేను రాను.

రామలక్ష్మి: మోకాళ్ల నొప్పి నాకు, మొరాయింపు మీకా?

సత్తిబాబు: ఇందాక గొడుగెత్తి పట్టుకుని పోయిన గైడమ్మాయి ఏమందో విన్నావా? ఈ వంతెన సున్నంలో కోడిగుడ్లు కలిపారట!

రామలక్ష్మి: కలిపితే?

సత్తిబాబు: ఇవాళ ఏ వారం?

రామలక్ష్మి: శనివారం.

సత్తిబాబు: మరి!

రామలక్ష్మి: మరేంటి? వంతెన మీద నడవమన్నాను గానీ నంజుకోమన్నానా?

సత్తిబాబు: తినడం కన్నా తొక్కడం ఇంకా తప్పు. అయిదొందల మీటర్లు గుడ్లు తొక్కుకుంటూ పోవాలా నేను?

రామలక్ష్మి: అయిదొందల పదహారు. నిన్న శుక్రవారం రాత్రి పదకొండున్నరకి ఆమ్లెట్ తిని, పన్నెండు కొట్టేలోపు గబగబా మూతి కడుక్కున్న మనిషికి ఎంత మడండీ!

సత్తిబాబు: పన్నెండు లోపేగా. నియమం తప్పలేదు.

రామలక్ష్మి: మన గడియారం ప్రకారం తప్పలేదు. 1410 నుంచి ఉన్న వాళ్ల గడియారానికి పాత చెక్ లెక్క చూపించే వలయం వేరే ఉంది. ఆ లెక్కలో పొద్దుగూకగానే మర్నాడు మొదలు. అంటే మీరు తిన్నది అచ్చంగా శనివారం ఆమ్లెట్.

(సత్తిబాబు కాసేపు లెక్క వేసుకున్నాడు. మొహం వెలిగింది.)

సత్తిబాబు: అయితే ఇవాళ పొద్దుగూకగానే ఆదివారం వచ్చేస్తుంది! ఇక్కడే కూర్చుందాం, చీకటి పడగానే దాటేద్దాం.

రామలక్ష్మి: కూర్చోండి. జూన్‌లో ఇక్కడ సూర్యుడు తొమ్మిది దాటాక గానీ దిగడు. అయిదు గంటలు. బల్ల కూడా లేదు.

సత్తిబాబు: పడవ?

రామలక్ష్మి: పడవ ఆ ఆర్చీల కిందనుంచే పోతుంది. గుడ్డు కాలికింద వద్దని నెత్తిమీద పెట్టుకుంటారా?

సత్తిబాబు: ట్రామ్ ఉందిగా! పొద్దున ఎక్కిన 22. అది పక్క వంతెన మీదుగా పోతుంది. లెగీ వంతెనో ఏదో.

రామలక్ష్మి: పోతుంది. దానికి టికెట్ కావాలి.

సత్తిబాబు: ఇరవై నాలుగు గంటల టికెట్లున్నాయిగా జేబులో.

రామలక్ష్మి: తీయండి, చూద్దాం. ఇదిగో, దీనిమీద ముద్రలెన్ని?

సత్తిబాబు: రెండు.

రామలక్ష్మి: మొదటిసారి ఎక్కినప్పుడు ఒక్కసారి మిషన్లో పెట్టాలి. ఆ క్షణం నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్క. రెండోసారి పెడితే చెల్లదు. ముద్ర లేకపోయినా జరిమానాయే, రెండున్నా జరిమానాయే. ట్రామ్ మారగానే మళ్లీ కొట్టారు. మీది కొట్టింది చాలక, చేతిలోంచి నాది కూడా లాక్కుని కొట్టారు.

సత్తిబాబు: గట్టిగా పడలేదేమోనని...

రామలక్ష్మి: రబ్బరు స్టాంపా, గట్టిగా పడ్డానికి? ట్రామ్‌లో కార్డు తాకించి కొత్తవి తీసుకోవచ్చు. తీస్తారా?

సత్తిబాబు: రోజంతటికీ కట్టి మళ్లీ కడతానా? నడుద్దాం. ఒడ్డునే కంపా దీవి మీదుగా ఆ పక్క వంతెన దాకా.

రామలక్ష్మి: ఈ రాళ్లమీదా? వీటికి ఇక్కడివాళ్లు పెట్టిన పేరేంటో తెలుసా? పిల్లి తలకాయలు. పొద్దున 22లో కోట దాటాక పొహోర్జెలెట్స్‌లో దిగి, మెట్లెక్కకుండా అంతా దిగుడే వచ్చేలా నేను ప్లాను వేసింది నా మోకాలు కోసం. మీరేమో సాయంత్రం దాన్ని పిల్లి తలకాయల మీద ఊరేగిస్తానంటున్నారు.

సత్తిబాబు: మరి గుడ్లు?

రామలక్ష్మి: ఆ గుడ్ల కథ పూర్తిగా వినకుండా పరుగెత్తుకొచ్చారు. 1342 వరదలో పాత రాతి వంతెన కొట్టుకుపోతే, నాలుగో చార్లెస్ రాజు ఇది మొదలెట్టాడు. సున్నంలోకి గుడ్లు పంపమని ఊళ్లకి కబురెళ్లిందట. వెల్వారీ ఊరివాళ్లు దారిలో పగిలిపోతాయని బుద్ధిగా ఉడకబెట్టి పంపారట!

సత్తిబాబు: ఉడికినవా? అవి సున్నంలో ఎలా కలుస్తాయి?

రామలక్ష్మి: కలవవు. అందుకే ఇన్నేళ్లుగా నవ్వుతున్నారు వాళ్లని చూసి. ఇంకో ఊరివాళ్లు జున్నూ, అదే చీజూ, పెరుగూ పంపారని కూడా అంటారు.

సత్తిబాబు: పెరుగైతే ఫరవాలేదు.

రామలక్ష్మి: హమ్మయ్య, వంతెనకి సగం పథ్యం కుదిరింది.

సత్తిబాబు: కథ సరే. అసలు కలిసిందా లేదా?

రామలక్ష్మి: ల్యాబులో చూస్తే జీవపదార్థమేదో ఉన్నట్టుందన్నారు. గుడ్డేనని ఖాయంగా తేల్చలేదు.

సత్తిబాబు: అనుమానం ఉన్నాక అడుగు పెట్టకూడదు.

రామలక్ష్మి: మీ తాతగారి మండువా ఇంట్లో అద్దంలా మెరిసే గోడలున్నాయి చూడండి. గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు, పైపూతలో కోడిగుడ్డు తెల్లసొన. ఆ గోడకి వీపు ఆనించి కూర్చునే కదా మీరు శనివారం శనివారం గోవింద నామాలు చదివేది?

(చాలాసేపు మాటలేదు. ఒక సైకిలువాడు బెల్లు కొట్టి పక్కనుంచి పోయాడు.)

సత్తిబాబు: మా అమ్మకి ఈ సంగతి తెలుసా?

రామలక్ష్మి: మీ అమ్మగారే చెప్పారు నాకు. మీకు చెప్పొద్దన్నారు. చెప్తే వరండాలోకి మకాం మారుస్తారని.

సత్తిబాబు: అది ఇల్లు. ఇది వంతెన.

రామలక్ష్మి: ముహూర్తమంటే ప్రాణం పెడతారు కదా, ఇది వినండి. దీనికి శంకుస్థాపన 1357లో, తొమ్మిదో తారీఖు, ఏడో నెల, పొద్దున 5 గంటల 31 నిమిషాలకి అంటారు. వరసగా రాయండి. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది, మళ్లీ ఏడు, అయిదు, మూడు, ఒకటి.

సత్తిబాబు: (వేళ్లమీద ఎక్కి దిగి) అబ్బ! అన్నీ బేసి అంకెలే! నిమిషాలతో సహా పెట్టించాడే! వీడెవడో మనవాడే.

రామలక్ష్మి: మీవాడు కట్టిన వంతెన ఎక్కరా మరి?

సత్తిబాబు: ముహూర్తం గొప్పదే. కానీ గుడ్డు... అదేంటి, అలా గోడకి ఆనుకున్నావ్? నొప్పిగా ఉందా?

రామలక్ష్మి: ఏం లేదు. మీరు పొద్దుగూకేదాకా ఆలోచించుకోండి.

సత్తిబాబు: ఎడమదా కుడిదా?

రామలక్ష్మి: ఇరవై ఏళ్లుగా కుడిదే.

సత్తిబాబు: ఆ సంచి ఇలా తే. చెయ్యి పట్టుకో. నీ మోకాలి కోసం ఎక్కుతున్నాను, నా ఇష్టంతో కాదు. స్వామివారు అడిగితే నువ్వే చెప్పాలి.

(ఎక్కారు. మొదటి ఆర్చీ దాకా మునివేళ్ల మీద నడిచాడు. రెండో ఆర్చీకి పిక్కలు పట్టేసి పాదం పూర్తిగా ఆనించాడు. ఒక్కో విగ్రహం దగ్గరా ఆగుతూ, జనాన్ని తప్పించుకుంటూ పోతున్నారు.)

సత్తిబాబు: ఇంత గుడ్డు పోసినా 1890 వరదలో మూడు ఆర్చీలు కూలాయట.

రామలక్ష్మి: 2002 వరదకి మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు మీరు నడుస్తున్నారు, ఇంకేం భయంలేదు.

సత్తిబాబు: ఆకలి మాత్రం వెయ్యట్లేదే. మధ్యాహ్నం తిన్న ఆ జున్ను వేపుడు ఎంత బాగుంది! బజ్జీలా పైన కరకర, లోపల జారుడు. మాంసం లేనివి అన్న పట్టీలోంచి ఏరి మరీ చెప్పావు. నిష్ఠ నిలబెట్టావు.

రామలక్ష్మి: ఊఁ.

సత్తిబాబు: ఊఁ ఏంటి?

రామలక్ష్మి: ఆ పట్టీ పేరు మాంసం లేనివి. గుడ్డు లేనివి కాదు.

సత్తిబాబు: అంటే?

రామలక్ష్మి: వేలు మందం జున్ను బిళ్ల. ముందు పిండిలో, తర్వాత గిలక్కొట్టిన గుడ్డులో, ఆఖర్న బ్రెడ్ పొడిలో దొర్లిస్తారు. పూతలో ఎక్కడ చిల్లు పడినా జున్నంతా నూనెలోకి కారిపోతుంది. పక్కన పెట్టిన తెల్ల సాసు మయోనీస్‌తో చేసింది, అదీ గుడ్డే. మీరు ఇంకో గిన్నెడు అడిగించుకున్నారు.

సత్తిబాబు: రామలక్ష్మీ!

రామలక్ష్మి: అరవకండి, విగ్రహాలు వింటాయి.

సత్తిబాబు: తెలిసీ తినిపించావా? శనివారం పూట?

రామలక్ష్మి: పొద్దున కాఫీ ఒక్కటి తాగి కోటంతా తిరిగారు. చెయ్యి వణుకుతుంటే ఫొటోలన్నీ అలుక్కుపోయాయి. ఇక్కడి కూరగాయల ముద్దల్లో, బంగాళాదుంప అట్టులో కూడా గుడ్డు పడుతుంది. మిగిలింది ఊరగాయ దోసకాయ. అది తినిపించి ఈ రాళ్లమీద నడిపించనా? ఆ పాపం నా ఖాతాలో రాసుకోమని తినేముందే దణ్ణం పెట్టేశాను.

(సత్తిబాబు గొణుక్కుంటూ సంచి రెండో భుజానికి మార్చుకున్నాడు. చెయ్యి మాత్రం వదల్లేదు.)

సత్తిబాబు: సగం నా ఖాతాలో రాయమను. రెండో గిన్నె అడిగింది నేనేగా. ఇదెవరు, ఇంత గుంపు?

రామలక్ష్మి: నెపోముక్ గారు, చర్చి పూజారి. తలచుట్టూ అయిదు చుక్కలు, చూశారా? రాణి తనకి చెప్పుకున్న రహస్యం రాజుకి చెప్పనన్నాడని 1393లో ఇక్కణ్ణుంచే ఏట్లోకి తోయించారని కథ. అదే మీ చెల్లెలయితే రాజు అడగకముందే చెప్పేసి ప్రాణాలు దక్కించుకునేది.

సత్తిబాబు: దాని జోలికి పోకు. ముట్టుకుంటే ఏమవుతుంది?

రామలక్ష్మి: మళ్లీ ఈ ఊరు వస్తారట.

(సత్తిబాబు జనంలో దూరి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఆనించి, పెదాలు కదుపుతూ చాలాసేపు నిలబడ్డాడు.)

రామలక్ష్మి: ఏవండీ.

సత్తిబాబు: ఉండు, మొక్కుకుంటున్నాను.

రామలక్ష్మి: మీరు పట్టుకుంది కుక్కని. అందరూ రుద్ది రుద్ది మెరిసిపోతోందని దాన్నే పట్టుకుంటారు. ఆయన్ని ఏట్లోకి తోస్తున్న బొమ్మ ఆ పక్క పలక మీద ఉంది.

సత్తిబాబు: (పక్కకి జరిగి, ఆమె చేతిని కూడా లాగి పలకకి ఆనించి) నువ్వూ పెట్టు. ఒక్కణ్ణే వస్తే టికెట్ మీద ఎన్ని ముద్రలు కొడతానో. ఈసారి మాత్రం ఆదివారం దిగేలా బుక్ చెయ్యమను పిల్లల్ని.

రామలక్ష్మి: ఆదివారం దిగితే ఆరు రోజులే ఉంటుంది.

సత్తిబాబు: చాలదా? శుక్రవారం రాత్రి ఆమ్లెట్ తిని విమానం ఎక్కేద్దాం.

రామలక్ష్మి: పొద్దుగూకకముందు తినాలి.