ఇంగ్లీషులో తొంభై ఎనిమిది

ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు సాహిత్యం కాస్త గట్టిగా చెప్పాలని ఈమధ్య కొందరు పెద్దమనుషులు అంటున్నారు. పద్యం చదివితే ఆలోచన పెరుగుతుందట, కథ చదివితే ఎదుటివాడి బాధ తెలుస్తుందట. ఇరవై ఏళ్ళుగా జూనియర్ కాలేజీల్లో ఆ సబ్జెక్టు చెప్పుకునే బతుకుతున్నాను కాబట్టి, తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నానని అనుకోకపోతే, ఒక్క మాట చెప్తాను. వద్దండీ. చక్కగా నడుస్తున్న బండిని కెలక్కండి.

అసలు మనం సాధించింది తక్కువా? పిల్లాడికి మూడో ఏడు రాకముందే ఇంగ్లీషు మీడియంలో వేస్తాం, చుట్టాలొస్తే సోఫా ముందు నిలబెట్టి రైమ్ చెప్పిస్తాం, ఇంట్లో 'అమ్మా' అంటే 'మమ్మీ అనాలి నాన్నా' అని దిద్దుతాం, పదో తరగతిదాకా ఇంగ్లీషు కోసమే లక్షలు పోస్తాం. సరిగ్గా పద్యాలూ కథలూ అర్థమయ్యే వయసు వచ్చేసరికి, పదహారేళ్ళకి, ఎంపీసీలో చేర్పించి 'ఇంగ్లీషుదేముందిరా, పరీక్షల ముందు చూసుకోవచ్చు' అంటాం. ఇన్నేళ్ళు నీళ్ళు పోసి, పూత పట్టగానే చెట్టు కొట్టేసే ధైర్యం ఇంకెవరికుంది?

మార్కుల సంగతి చూస్తే ఇంకా ముచ్చటేస్తుంది. మొన్నమొన్నటిదాకా రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న లెక్క ప్రకారం ఎంపీసీ ఫస్టియర్‌లో మొత్తం 470 మార్కులు. అందులో ఫిజిక్స్‌కి 60, కెమిస్ట్రీకి 60, ఇంగ్లీషుకి 100. అంటే కాగితం మీద నేను ఫిజిక్స్ సార్ కంటే 40 మార్కులు పెద్దవాణ్ణి. టైమ్ టేబుల్లో మాత్రం నాది భోజనాల తర్వాత పీరియడ్, అదీ 'సార్, ఇంగ్లీషే కదా, ఇవాళ్టికి నాకిచ్చెయ్యండి, వీకెండ్ టెస్టుంది' అని మ్యాథ్స్ సార్ తలుపు దగ్గర నిలబడేదాకానే. ఇచ్చేస్తాను. ఎంసెట్‌లో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ అన్నప్పుడు కూడా అది గ్రూపు సబ్జెక్టులకే, లాంగ్వేజీలకి కాదు. ఇక ఏ మొహం పెట్టుకుని ఆ గంట నాదని పోట్లాడను? (సెకండ్ లాంగ్వేజీలో సంస్కృతం తీసుకుని, ఆ భాషలో 'నాకు ఆకలేస్తోంది' అనడం కూడా రాకుండా 99 తెచ్చుకునే పిల్లలున్న రాష్ట్రాలివి. ఆ సంస్కృతం సార్ ముందు నేనెంత?)

అయినా మా పిల్లలకి ఇంగ్లీషులో మార్కులు బ్రహ్మాండంగా వస్తాయి. ఎలాగంటే అనొటేషన్ ఉంది కదా. పద్యంలోంచి రెండు లైన్లిచ్చి వివరించమంటారు. మా పిల్లలకి దానికో అచ్చు ఉంది. ఈ లైన్లు ఫలానా పద్యంలోవి, రాసింది ఫలానా కవి, తర్వాత సందర్భం, తర్వాత అర్థం, చివర్లో ఓ ముక్క విమర్శ. ఆ విమర్శ దగ్గర 'కవికి ప్రకృతి మీదున్న ప్రేమ ఇక్కడ కనిపిస్తోంది' అని పడెయ్యమని నేనే చెప్పాను, ఏ పద్యమైనా ఎక్కడో ఒకచోట ఆకో పిట్టో ఉండకపోదు కదా అని. ఓసారి యుద్ధంలో చచ్చిపోయిన కుర్రాడి మీద రాసిన పద్యానికి కూడా ఒకడు ప్రకృతి ప్రేమే రాశాడు. వాడికి ఫుల్ మార్కులు వేసింది ఇంకెవరో కాదు, నేనే. రోజుకి అన్నేసి పేపర్లు దిద్దే చెయ్యి, అలవాటు కొద్దీ టిక్కు కొట్టేసింది.

ఒక్కసారే ఇబ్బంది వచ్చింది. బైపీసీ పిల్ల ఒకమ్మాయి, మూడో బెంచీ, చెట్టు మీద పద్యం చెప్తుంటే లేచి, "సార్, ఈయన నిజంగా చెట్టు గురించే చెప్తున్నాడా, వాళ్ళ నాన్న గురించా?" అంది. క్లాసంతా నావైపు చూసింది. నేను పుస్తకం వైపు చూశాను. ఇరవై ఏళ్ళలో ఆ పద్యాన్ని ఎన్నిసార్లు చెప్పానో, నాన్న సంగతి నాకు తట్టలేదు, తట్టాక మాత్రం ప్రతి లైనులోనూ ఆయనే కనిపిస్తున్నాడు. సిలబస్ అప్పటికే రెండు పాఠాలు వెనకబడి ఉంది, బయట వరండాలో డీన్ గారి బూట్ల చప్పుడు. "అది ఎగ్జామ్‌లో రాదమ్మా" అన్నాను. కూర్చుంది. మంచి పిల్ల, మళ్ళీ ఎప్పుడూ ఏమీ అడగలేదు.

చూశారా, సాహిత్యం ముదిరితే ఇదీ ప్రమాదం. అందరూ ఇలా లేచి అడగడం మొదలుపెడితే వీకెండ్ టెస్టు ఎవరు రాస్తారు?

మాట్లాడటం నేర్పాలని తెలంగాణ బోర్డు 2023-24 నుంచి ఇంగ్లీషుకి కూడా 20 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టింది. మంచి ఆలోచనే, కానీ మేం తక్కువ తిన్నామా? మాట్లాడాల్సినవన్నీ ముందే మెటీరియల్‌గా కొట్టించి పంచాం. మా క్లాసులో ఇప్పుడు అరవైమందికీ ఇష్టమైన పండుగ ఒకటే, ఊరు ఒకటే, నాన్నమ్మ కూడా ఒకటే. ఇఫ్లూ అని ఇప్పుడు పిలుస్తున్న విశ్వవిద్యాలయాన్ని ఇంగ్లీషు బోధన కోసమే 1958లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. అది మన దగ్గరే ఉందని చెప్తే మా పిల్లలు 'అక్కడ బీటెక్ ఉందా సార్' అని అడుగుతారు.

పోయిన నెల పాత స్టూడెంట్ ఒకడు ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో 98 వాడికి, బీటెక్ అయిపోయింది, అమెరికాలో ఎంఎస్‌కి అప్లై చేస్తున్నాడు. కన్సల్టెన్సీ వాళ్ళు డబ్బు తీసుకుని ఎస్‌ఓపీ రాసిచ్చారట, అంటే తన గురించి తను రాసుకోవాల్సిన రెండు పేజీలు. చిన్నప్పట్నుంచీ కంప్యూటరంటే ఆసక్తి అని మొదలవుతుంది. వాడి రూమ్మేట్‌దీ అలాగే మొదలైందట.

"సార్, కొంచెం నా గురించి ఉన్నట్టు మార్చిస్తారా?"

"సరే, నీ గురించి ఏం రాయాలో చెప్పరా."

చాలాసేపు మాట్లాడలేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను. చివరికి, "ఏమో సార్, మీరే చెప్పండి," అన్నాడు, "ప్రకృతి ప్రేమ రాసెయ్యనా?"