వెనిస్‌ను బతికించేది టికెట్టు కాదు, చేపల బజారు

2024 ఏప్రిల్ 25న వెనిస్‌లో ప్రవేశ రుసుము మొదలైంది. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవారు, రద్దీ రోజుల్లో 5 యూరోలు కట్టాలి. మరుసటి ఏడాది, ఆలస్యంగా బుక్ చేసుకునేవారికి అది 10 అయింది. ఆ రచ్చంతా మీరు చదివే ఉంటారు. నేననేది ఒక్కటే: రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

రియాల్టో వంతెన దగ్గర ఒక మందుల షాపు అద్దంలో, పాత నగరంలో ఇంకా ఎంతమంది నివాసులు మిగిలారో చూపించే అంకెల బోర్డుంది. 1951లో సుమారు 1.75 లక్షలున్న జనం ఇప్పుడు 50 వేలకు దిగువన. 2023లో టూరిస్టుల మంచాలే అక్కడి మనుషుల సంఖ్యను దాటేశాయి. ఇళ్లన్నీ రోజువారీ అద్దెలకు పోతుంటే ఊళ్లో కూర వండుకునేదెవరు?

అందుకే వెనిస్ వెళ్తే నేను ముందు చూసేది సెయింట్ మార్క్ చర్చి కాదు, రియాల్టో చేపల బజారు. అక్కడి గోడమీద పాలరాతి పలక ఉంది. ఏ చేప ఎంత పొడవుంటే అమ్మొచ్చో దానిమీద చెక్కారు. మలుగు చేప 25 సెంటీమీటర్లు, ఆలిచిప్ప 3. పిల్ల చేపను పట్టి రేపటి పంట పోగొట్టుకోవద్దని రాతిలో రాసుకున్న ఊరది!

పక్క సందుల్లో బాకరోలనే చిన్న వైన్ దుకాణాలుంటాయి. నిలబడి తాగే చిన్న గ్లాసు వైన్‌ను అక్కడ ఓంబ్రా అంటారు, అంటే నీడ. తోడుగా చికెట్టీ అనే చిరుతిళ్లు. వేయించిన సార్డీన్ చేపల్ని వెనిగర్‌లో మగ్గిన ఉల్లిపాయలు, కిస్‌మిస్, పైన్ గింజలతో పొరలు పొరలుగా పేర్చి ఊరబెడతారు. సముద్రం మీద పాడవకుండా నావికులు కనిపెట్టిన వంట. మన చేపల పులుసులాగే దీనికీ మర్నాడే అసలు రుచి. కొనే ఇల్లాలు లేకపోతే బజారు లేదు, బజారు లేకపోతే ఈ ముద్దా లేదు.

రుసుము ఆదాయం కోసం కాదు, రద్దీని అదుపు చేయడానికేనని నగరపాలక సంస్థ అంటోంది. అంత చిన్న దీవుల మీద అంత జనం భారమేననడంలో నిజముంది. కానీ సాయంత్రం 4 దాటితే రుసుమే లేదు. అవతలి ఒడ్డున మెస్త్రేలో పడుకునేవారికీ మినహాయింపే, ఆ ఊరూ అదే మునిసిపాలిటీ కనుక!

వెనిస్ వాడైన మార్కో పోలో మన మోటుపల్లి గురించి రాశాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కోబోమని, న్యాయమైన సుంకంతో సరిపెడతామని కాకతి గణపతిదేవుడు వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవది. ఇవాళ అక్కడ గుడి ఉంది, శాసనం ఉంది, రేవు లేదు. రాళ్లు మిగిలి బతుకుతెరువు పోయిన ఊరు ఎలా ఉంటుందో మనకు ఇంకొకరు చెప్పాలా? వారసత్వం పేరుతో గోడలకు సున్నం వేసి, బజారును గాలికొదిలేసే ప్రతి ప్రభుత్వం మీదా నా కోపం ఇదే.

యూరప్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఏజెంటును అడగండి, రాత్రి పడక పాత వెనిస్‌లోనా, మెస్త్రేలోనా అని. మూడు గంటల్లో పడవెక్కించి దింపేస్తామంటే ఒప్పుకోకండి. ఎవరో ఖాళీ చేసిన ఇంట్లో కాకుండా హోటల్లోనే రెండు రాత్రులుండండి. పొద్దున్నే బజారుకు వెళ్లండి. ఆది, సోమవారాలు మాత్రం పెట్టుకోకండి, చేపల వాళ్లకు సెలవు.